ఎడమ ముందు పైపు పానకాలరావుది

బ్రేకు నొక్కితే ఆ కారు ఆగట్లేదు. ధనకుమారిగారి మొగుడు ఆగిపోతన్నాడు. కంప్లైంటు అదీ.

నేను బ్రేకుల ఏసోబుని. బెజవాడ ఆటోనగర్లో ఇరవయ్యారేళ్ళుగా బ్రేకులు తప్ప ఇంకో పని ముట్టలేదు. ఇంజన్ సంగతి ఎవరన్నా అడిగితే పక్క షెడ్డు చూపిస్తా. అందుకని ఆవిడ చెప్పింది విని నోరేమీ వెళ్ళబెట్టను. "నొక్కిన ప్రతిసారీ ఆగుతన్నాడా, గట్టిగా నొక్కినప్పుడేనా?" అని అడుగుతా.

"ఒక్కసారే నొక్కాను ఏసోబూ. వారధి మీద గేదె అడ్డమొచ్చింది. కారు ఆగలేదు. గేదే తప్పుకుంది. ఈయన మాత్రం ఆగిపోయారు. ఇవాళ్టికి తొమ్మిది రోజులు," అంటది ఆవిడ.

పానకాలరావుగారు ముందు సీట్లో కూర్చునే ఉన్నాడు. కుడిచెయ్యి జంతికల పొట్లంలో ఉంది. నోరు సగం తెరిచి ఉంది. గడ్డం మాత్రం నున్నగా గీసి ఉంది. రోజూ తనే గీస్తున్నానని, మెడకింద తువ్వాలు మారుస్తున్నానని, జంతికలు మెత్తబడితే అవి కూడా మారుస్తున్నానని ఆవిడ చెప్తది. పొట్లంలోంచి ఒకటి తీసి నోట్లో వేసుకుంటా. ఇవాళ్టివే, కరకరలాడతన్నాయి.

పట్టేసిన చక్రం ఏదో చెప్పడానికి మిషన్లు అక్కర్లా. అరచెయ్యి పెడితే కాల్తది, అంతే. ఆయన కణత మీద చెయ్యి పెడతా. చుర్రుమంటది. లైనింగు మాడిన వాసన కూడా వస్తంది. చెయ్యి పాంటుకి తుడుచుకుని, "పట్టేసింది," అంటా.

"ఎవరు పట్టేశారు?"

"ఎవరూ పట్టలేదమ్మా. బ్రేకు పట్టేసింది. నొక్కితే పట్టాలి, వదిలితే వదలాలి. ఈయన వదలట్లా."

అయినా ఈ రోజుల్లో మిషను పెట్టకపోతే కస్టమరుకి నమ్మకం కుదరదు. స్టీరింగు కింద స్కానరు వైరు గుచ్చుతా. డాష్‌బోర్డు మీద టైరు జారే పసుప్పచ్చ బొమ్మ వెలుగుతానే ఉంది. స్కానరు కాసేపు ఆలోచించుకుని, ఎడమ ముందు పానకాలరావు, కుడి ముందు గౌసు, ఎడమ వెనక కాకి, కుడి వెనక దూరం, అని చూపిస్తది. గౌసంటే పక్క లేతు షాపువాడు. దూరం అంటే ఏంటో దానికే తెలిసినట్టు లేదు. ఆపేసి డబ్బాలో పెట్టేస్తా.

బానెట్ ఎత్తి బ్రేకు ఆయిలు మూత విప్పుతా. వేలు ముంచి వాసన చూస్తా. నాకు ఒళ్ళు మండిపోద్ది. వేరుశెనగ నూనె!

"ఇందులో వంటనూనె పోసిన మహానుభావుడెవరు?"

ఆవిడ మొగుడి వంక చూస్తది. "సెకండ్ హ్యాండు బండి కదా, కొన్న వారానికే ఆయిలు లైటు వెలిగింది. ఈయనే వంటింట్లోంచి తెచ్చి పోశారు. నూనె నూనేగా, కారుకి రుచి తెలుస్తుందా అన్నారు."

"ఇంకా నయం, పోపు పెట్టలేదు. నూనె తాగి రబ్బరు వాషర్లు ఉబ్బిపోయాయమ్మా. ఉబ్బిన వాషరు పట్టిందంటే చచ్చినా వదలదు. బండి అమ్మినాయన మిమ్మల్ని మోసం చెయ్యలా. మీ ఆయన చేజేతులా ఆగాడు."

ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంటది. కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఉండడం వల్ల ఇంటి గుమ్మంలోంచి పట్టట్లేదంట. తొమ్మిది రాత్రులూ ఆవిడ కూడా కారులోనే పడుకుందంట. "నాకు ఆయన తప్ప ఎవరూ లేరు. ఒక్కసారి కదిలించు ఏసోబూ, నీ కాళ్ళు పట్టుకుంటాను," అంటది.

"కాళ్ళు నాకక్కర్లా, మీవే కావాలి. పెడల్ తొక్కాలి," అంటా.

ఆ మోడలు తయారీ ఆపేసి పదేళ్ళయింది. వాషర్ల జత నా దగ్గర ఒకే ఒక్కటి మిగిలింది, గోడ మేక్కి వేలాడతంది. "అదృష్టవంతులు మీరు, ఈ జత తప్ప ఈ రాష్ట్రంలో ఇంకోటి దొరకదు," అని చెప్పి దించుతా. ఆవిడ ఆ వాషర్లకి దణ్ణం పెట్టుకుంటది.

కారుని జాకీ మీద లేపి కిందకి దూరతా. చక్రాలకి వెళ్ళాల్సిన నాలుగు పైపుల్లో ఒక్కటీ చక్రాల దగ్గరికి వెళ్ళట్లా. మొదటిది ఫ్లోరుకి చిల్లు చేసుకుని పైకెళ్ళి పానకాలరావుగారి ఎడమ మడమలో దిగింది. రెండోది గోడ కిందనుంచి గౌసు లేతు షాపులోకి పోయింది. మూడోది షెడ్డు రేకుల మీదకి ఎక్కింది. నాలుగోది గేటు దాటి మురిక్కాలవ వెంబడే వెళ్ళిపోయింది. ఎవడు బిగించాడో గానీ పని మాత్రం శుభ్రంగా చేశాడు.

పదో నంబరు పానాతో ఆయన మడమ విప్పుతా. లోపల పాత వాషర్లు బూరెల్లా ఉబ్బి ఉన్నాయి. తీసి పళ్ళెంలో వేస్తా. కొత్తవాటికి బ్రేకు ఆయిలు రాసి, బొటనవేలితో మెల్లగా తోసి, మడమ మూసేస్తా. నొప్పి ఉంటే చెప్పమంటా. ఆయనేం చెప్పడు.

ఇక గాలి తియ్యాలి. పైపులో గాలి ఉంటే ఎంత నొక్కినా దండగే. ఇది ఒక్కరి పని కాదు. లోపల ఒకళ్ళు పెడల్ తొక్కాలి, కింద ఒకళ్ళు గాలి బయటికి పోయే నిప్పిలు విప్పాలి. కొట్టు అంటే మూడుసార్లు కొట్టాలి. పట్టు అంటే తొక్కిన కాలు తొక్కినట్టే ఉంచాలి. నేను వదులు అనేదాకా భూకంపం వచ్చినా వదలకూడదు. నా షెడ్డులో పెడల్ కస్టమరే తొక్కాలి. ఎవరి బండి వాళ్ళు తొక్కితేనే శ్రద్ధగా తొక్కుతారు.

"కొట్టండి!"

కొడతది.

"పట్టండి!"

పడతది. పక్క షాపులో గౌసు మాట ఆగిపోద్ది. పొద్దున్నుంచి వాళ్ళ బావమరిది పెళ్ళిభోజనం గురించి ఎవరికో చెప్తానే ఉన్నాడు, గోంగూర మాంసం దగ్గరికొచ్చి ఆగిపోయాడు. లేతు మాత్రం తిరుగుతంది. ఇనపరజను అతని చేతుల మీద పడతంది.

"ఏసోబూ, పక్కన ఎవరో ఆగిపోయినట్టున్నారు," అంటది ధనకుమారిగారు.

"గౌసు లెండి. వాగుడుకాయ. నా చెవులకి కాస్త విశ్రాంతి. కొట్టండి!"

రెండోసారికి షెడ్డు మీద ఎగిరే కాకి గాల్లో ఆగిపోద్ది. దాని నీడ సరిగ్గా నా పక్కనే పడింది. ఎండకి కాలిన పానాలు తీసి ఆ నీడలో పెట్టుకుంటా. మూడోసారికి నాలుగో పైపు కూడా ఎక్కడో పట్టింది. పట్టు సంగతి నా చేతికి తెలిసిపోద్ది. దూరంగా, బరువుగా, మంచి పట్టు. ఇంకా గట్టిగా నొక్కమంటా. ఇంకాస్త గట్టిగా పట్టింది.

పానకాలరావుగారి మడమనుంచి ట్యూబు తీసి సీసాలో పెట్టా. ముందు నురగ వస్తది. తర్వాత బుడగలు. బుడగ పగిలినప్పుడల్లా ఆయన గొంతు కొంచెం బయటికొస్తది. కొంచెం దగ్గు, కొంచెం "ఊఁ", కొంచెం నవ్వు.

"ఏసోబూ! వేలు కదిలింది! దేవుడా, ఆయన వేలు కదిలింది!" ఆవిడ ఏడుస్తందో నవ్వుతందో కిందనుంచి తెలియట్లా.

"కాలు! కాలు వదలకండి!"

"వదలను బాబూ. ప్రాణం పోయినా వదలను."

ఇంకో అరగంటలో మనిషి లేచి నడుస్తాడు. నా పనికి నాకే ముచ్చటేస్తది. కాకపోతే పైపు చివర ఏముందో చూడకుండా బండి దించడం నాకు చేతకాదు. ఇప్పుడే వస్తా, పట్టే ఉంచండి, అని చెప్పి నాలుగో పైపు వెంట బయల్దేరతా.

మా వీధి ఇవాళ కొంచెం పొడుగ్గా ఉంది. మామూలుగా ముప్పై షెడ్లు. ఇవాళ నలభై దాటాక కూడా టైర్ల షాపులే వస్తన్నాయి. పైపు మురిక్కాలవ అంచునే పోయి, ఆటోనగర్ గేటు కూడా దాటి, మెయిన్ రోడ్డెక్కి, నడిరోడ్డు మీద నిలబడ్డ ఒకమ్మాయి మడమలోకి దిగింది.

నా కూతురు. కెరెను. ఒంటిగంటకల్లా నాకు క్యారేజీ తెస్తది.

ఒక కాలు నేలమీద, ఒక కాలు గాల్లో ఉంది. జడ పక్కకి ఊగి అక్కడే ఉండిపోయింది. క్యారేజీ గిన్నెలోంచి ఒలికిన పప్పుచారు చుక్క కిందపడకుండా వేలాడతంది. "అమ్మడూ," అని పిలుస్తా. కణత మీద చెయ్యి పెడతా. కాలింది. గౌసుని చూసి చల్లగా ఉన్న కడుపు ఇప్పుడు మండిపోతంది. నడుం పట్టుకుని లేపబోతా. పట్టేసిన చక్రం నెడితే కదుల్తదా? వెంట్రుక కూడా కదల్లా.

ఇనపచువ్వల లారీ వస్తంది. చువ్వలు బండి ముందుకి బారెడు పొడుచుకొచ్చి ఉన్నాయి. సరిగ్గా కెరెను మెడ ఎత్తులో ఉన్నాయి. ఎదురెళ్ళి డ్రైవరు తలుపు పట్టుకుని, ఆపు, నా కూతురయ్యా, ఆపు, అని అరుస్తా.

"ఆపొచ్చన్నా. బ్రేకులు బానే ఉన్నాయి," అంటాడు డ్రైవరు, చాలా మర్యాదగా. "కాకపోతే నేను నొక్కితే ఎవరు ఆగుతారో తెలవదు కదా. ఇంటికాడ ముగ్గురు పిల్లలున్నారు నాకు. పెద్దోడు చెరువుకి ఈతకెళ్ళాడు."

"పక్కకన్నా తిప్పరా!"

"చువ్వలు ఊగుతాయన్నా, పక్కోళ్ళకి తగుల్తాయి. గేరు తీసేస్తా, మెల్లగా వస్తా. హారన్ కావాలంటే కొడతా." గేరు తీసేస్తాడు. హారన్ కూడా కొడతాడు. లారీ మనిషి నడిచినంత మెల్లగా, నా కూతురి వైపే వస్తంది.

కెరెను మడమ విప్పి చూస్తా. అవే బూరెలు. కొత్త వాషర్లు పడితే తప్ప వదలదు. కొత్త వాషర్లు ఈ రాష్ట్రంలో ఒకటే జత. అవి ఎవరి మడమలో ఉన్నాయో బిగించిన నాకు తెలుసు.

పరిగెడతా. వీధి వచ్చేటప్పటికన్నా పొడుగ్గా ఉంది.

షెడ్డులో ధనకుమారిగారు పెడల్ మీదే ఉంది. తొడ వణుకుతంది, మొహం చెమటతో తడిసిపోయింది. పక్కన పానకాలరావుగారు జంతిక కొరుకుతన్నాడు. రెప్పలార్పుతన్నాడు. మెడ మెల్లగా తిప్పి పెళ్ళాం వంక చూస్తాడు.

"ఏమే, ఏడుస్తన్నావెందుకు?" అంటాడు.

నేను అప్పటికే కారు కిందున్నా. పానా మడమకి తగిలించా.

"ఏం లేదండీ," అంటది ఆవిడ. "మీరు ఆగిపోయారు. తొమ్మిది రోజులు. నేను ఒక్కదాన్నే..." ఆవిడ అంతా చెప్పుకుపోతంది. గేదె గురించి, తువ్వాలు గురించి, కారులో రాత్రి దోమల గురించి. నేను వాషర్లు లాగేస్తా. నూనె నా మొహం మీద చిమ్ముతది. పాతవి పళ్ళెంలోంచి తీసి వాటి చోటులో కుక్కి బిగించేస్తా. పైన ఆవిడ ఇంకా చెప్తానే ఉంది. ఆయన వినట్లా.

"ఏసోబూ, పెడల్ కిందకి దిగిపోయింది."

"ఏం కాదమ్మా, గాలి. పట్టే ఉంచండి."

వాషర్లు పిడికిట్లో పెట్టుకుని మళ్ళీ పరిగెడతా. నాకేం సిగ్గుగా లేదు. నా బిడ్డకోసం పది మంది పానకాలరావుల మడమలు విప్పమన్నా విప్పుతా.

చువ్వల కొసలు కెరెను జడ దగ్గరికి వచ్చేశాయి. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, తొందరగా కానీ అన్నా, అంటన్నాడు. వాషరుకి నూనె రాయాలి, బొటనవేలితో మెల్లగా తొయ్యాలి. నూనె లేదు, టైం లేదు. స్క్రూడ్రైవరుతో కుక్కేస్తా. ఒకసారి వాడి తీసిన వాషరు పెదవి మెత్తబడిపోద్ది. వాషరు చీలిన చప్పుడు సన్నగా వినిపిస్తది. విననట్టే ఊరుకుని బిగించేస్తా.

పప్పుచారు చుక్క రోడ్డు మీద పడద్ది. కెరెను గాల్లో కాలు నేలమీద ఆన్చి, నడిచేస్తది. చువ్వలు ఆమె ఉన్న చోటులోంచి దూసుకుపోతాయి. డ్రైవరు నాకు చెయ్యి ఊపుతాడు. నేను నడిరోడ్డు మీద కూలబడి పసిపిల్లాడిలా ఏడుస్తా.

"అన్నం చల్లారిపోద్ది నాన్నా, రా," అంటది నా కూతురు, నడుస్తానే.

తను ఎప్పుడూ కొంచెం గబగబా నడుస్తది. అందుకని ఏమీ అనుకోలేదు.

షెడ్డుకొచ్చి, మొహం తుడుచుకుని, ఇరవయ్యారేళ్ళుగా అందరికీ చెప్పే మాటే ధనకుమారిగారికీ చెప్తా. "సామాను డూప్లికేటు వచ్చిందమ్మా. ఏం చేస్తాం, మార్కెట్టే అలా తగలడింది. పది రోజులాగి రండి, మంచి సామాను తెప్పిస్తా. ఇక వదలండి."

ఆవిడ వదలదు. మొగుడి వంకే చూస్తంది. ఆయన నోట్లో జంతిక సగం నమిలి ఉంది.

"డూప్లికేటు కాదు," అంటది. గొంతులో కోపం కూడా లేదు. "ఆయన వదిలినప్పుడు నా కాలికి తెలిసింది ఏసోబూ. నువ్వు తీసినప్పుడూ తెలిసింది. మళ్ళీ పట్టినప్పుడూ తెలిసింది. నా మొగుడి దగ్గర తీసింది ఎవరికి పెట్టావు?"

అప్పుడే కెరెను గేటులోంచి లోపలికొస్తది. క్యారేజీ బల్లమీద పెట్టబోద్ది, చెయ్యి అందేలోపే బల్ల దాటిపోద్ది. గోడలోంచి గౌసు షాపులోకి, అటు గోడలోంచి వీధిలోకి వెళ్ళిపోద్ది. "నాన్నా, కాళ్ళు ఆగట్లా!" అని అవతలనుంచి వినపడతది.

ఆటోనగరంతా చుట్టి మళ్ళీ గేటులోంచే వస్తది. ఈసారి వేలికి పెళ్ళి ఉంగరం ఉంది. పెళ్ళి ఎప్పుడయిందో, అల్లుడెవరో అడిగే టైం లేదు. చీలిన వాషరు ఏదీ ఆపలేదు, కాళ్ళనీ ఆపలేదు, ఏళ్ళనీ ఆపలేదు.

"కొట్టండమ్మా!" అని అరుస్తా. "ఆపకుండా గబగబా కొట్టండి! చీలిన వాషరైనా పది దెబ్బలకి కొంచెం పట్టుద్ది. నా కూతురు! ఒక్కగానొక్క కూతురమ్మా!"

"అమ్మాయి చక్కగా ఉంది," అంటది ధనకుమారిగారు, కెరెను వెళ్ళిన వైపు చూసి. "నువ్వు కొట్టమన్నప్పుడు కొట్టాను. పట్టమన్నప్పుడు పట్టాను. వదలమన్నావు. ఇదిగో, వదిలేస్తున్నాను."

కాలు తీసేస్తది. చెప్పులేసుకుంటది. వంగి, నా పానాతోనే పెడల్ విప్పి, చీరకొంగుతో తుడిచి, చేతిసంచిలో దువ్వెన పక్కన పెట్టుకుంటది.

"పెడల్ ఇచ్చెయ్యండి. మీ కాళ్ళు పట్టుకుంటా," అంటా. పట్టుకుంటా కూడా.

"ఇంకో మెకానిక్కుకి చూపించుకోవాలి కదా. పెడల్ లేకుండా ఎలా?" అంటది. వెళ్ళి మొగుడి పక్కన కూర్చుని, ఆయన మెడకింద తువ్వాలు మారుస్తది. పెదాలకంటిన పొడి దులుపుతది. "ఏం లేదండీ, ఏడవట్లేదు," అని ఆయనకి చెప్తది.

మూడో చుట్టుకి కెరెను జుట్టు సగం తెల్లబడింది. నాన్నా అని పిలుస్తది గానీ మొహంలో నన్ను వెతుక్కుంటంది. నేను పక్కనే పరిగెడతా. టైర్ల షాపుల్లోంచి, పెయింటు షెడ్లలోంచి, గోడల్లోంచి తనతో పాటే పోతా. గోడలు తనకి దారిస్తన్నాయి, నాకు తగుల్తన్నాయి. వెనకబడిపోతా.

నాలుగో చుట్టుకి తను నాకన్నా పెద్దదైంది. నడుం వంగిపోయింది, పళ్ళు ఊడిపోయాయి, కాళ్ళు మాత్రం జోరుగానే ఉన్నాయి. క్యారేజీలో అన్నం ఇంకా పొగలు కక్కుతంది. నేను రొప్పుకుంటా చెయ్యి చాపుతా. ఆ ముసలావిడ నడుస్తానే మూత తీసి, పప్పన్నం కలిపి, ముద్ద చేసి నా నోట్లో పెడతది.

"ఎవరబ్బాయివిరా నువ్వు?" అంటది జాలిగా. "ఇంత ఆకలి మీదున్నావు, ఇంట్లో నీకంటూ ఎవరూ లేరా?"

నోటినిండా ముద్ద ఉంది, చెప్పలేకపోతా. మింగేలోపు ఆవిడ ఇంకో గోడలోకి వెళ్ళిపోతంది.